వరండాలో హాజరు

సభాధ్యక్షులు, మన ప్రిన్సిపాల్ వెంకటరమణమూర్తి గారికి, బెల్లం సీజను మధ్యలో కొట్టు వదిలి ముఖ్య అతిథిగా వచ్చిన పాలకవర్గ అధ్యక్షులు రాజబాబు గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, కింద కూర్చున్నా నాకంటే పెద్దవాళ్ళకు, ముప్పై మూడేళ్ళు నన్ను భరించిన సహోద్యోగులకు, ఈ పూట క్లాసులు లేవన్న సంతోషంతో వచ్చిన విద్యార్థులకు, మూడో వరుస చివర, అవసరమైతే లేచి వెళ్ళిపోయే వీలు చూసుకుని కూర్చున్న మావారికి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఈ సభ రెండున్నరకి మొదలవాలి. రెండూ నలభై ఒకటికి మొదలైంది. రాసుకున్నాను.

నాకు ముందు మాట్లాడిన ఐదుగురూ నా గురించి మంచిమాటలే చెప్పారు. వాటిలో 'క్రమశిక్షణ' అన్న మాట పదిహేడుసార్లు వచ్చింది. 'వాత్సల్యం' ఒక్కసారి వచ్చింది. అది కూడా రాజబాబు గారి నోట. ఆయన నా క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి అనగలిగారు. (నవ్వులు) పిల్లలు నన్ను వరహాలక్ష్మి మేడమ్ అనరనీ, 'తలుపు మేడమ్' అంటారనీ నాకు పద్దెనిమిదేళ్ళ క్రితమే తెలుసు. కోపం రాలేదు. నిజానికి కొంచెం గర్వంగానే ఉండేది.

ఇంట్లో కూడా నా పద్ధతి అదే. మా మనవరాలు సుమశ్రీ రెండో తరగతి చదువుతోంది. అన్నానికి పిలిస్తే "ప్రెజెంట్ అమ్మమ్మా" అంటూ వచ్చి కూర్చుంటుంది. మొన్న వాళ్ళ తాతగారు స్నానం చేసి రావడం ఆలస్యమైతే, మేం భోంచేసే గదికి ఇది గడియ పెట్టేసి, "తాతయ్యా, నువ్వు రేపు రా" అంది. ఆయన ఆ పూట వంటింటి కిటికీ దగ్గర నిలబడి కంచం అందుకున్నారు. తల ఊపుతున్నారు చూడండి, అబద్ధం కాదు. (నవ్వులు)

మాటలు ఎక్కువైతే మీరు నన్ను క్షమించాలి. ఈ రోజు నాకు ఒక పని మిగిలిపోయింది. ఒక్క సంతకం. నాది కాదు, ప్రిన్సిపాల్ గారిది. హాజరు చాలక పరీక్షకి అనర్హులైన వాళ్ళ జాబితా నాలుగు గంటలకి మన అటెండరు సన్యాసిరావు చేతికిచ్చి యూనివర్సిటీకి పంపాలి. అందులో నా ఫైనలియర్ బీకాం క్లాసు అమ్మాయి పేరు ఒకటి ఉంది. నూకరత్నం. దేవరాపల్లి దగ్గర మెట్టభూమి చేసుకునే వాళ్ళ పిల్ల. ఆ పేరు అందులోంచి తీసేయాలి. తీయకపోతే ఆ పిల్ల మార్చిలో పరీక్ష రాయదు, ఆ తర్వాత ఎప్పుడూ రాయదు. ఆ సంగతి మీకు చెప్పకుండా శాలువా కప్పించుకుని, జీడిపప్పు పకోడీ తిని ఇంటికి వెళ్ళలేను. ముప్పై మూడేళ్ళలో గంట కొట్టాక ఒక్క నిమిషం కూడా పాఠం సాగదీయనిదాన్ని. ఇవాళ సాగదీస్తాను.

తొంభై ఎనిమిదిలో మన కాలేజీని చూడడానికి పైనుంచి పెద్దలు వస్తున్నారంటే, 'అధ్యాపకుల బాధ్యతలు, తరగతి గది నియమాలు' అని ఒక చిన్న పుస్తకం తయారుచేయమని అప్పటి ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు. నాలుగు పేజీలు చాలన్నారు. నేను పద్నాలుగు పేజీలు రాశాను, ఇరవై ఆరు నియమాలు. అధ్యాపకులు గంటకి రెండు నిమిషాల ముందే గది దగ్గర ఉండాలన్నాను. సుద్దముక్క విసరకూడదన్నాను. ఆ నియమం ఎవరి కోసమో వారు రిటైరైపోయారు కాబట్టి పేరు చెప్పను. మూడేళ్ళకంటే పాతబడిన నోట్సు చూసి పాఠం చెప్పకూడదు అన్నది పద్దెనిమిదో నియమం. అది రాసిన రాత్రే ఇంట్లో నా పాత నోట్సుల మీద తేదీలన్నీ రబ్బరుతో చెరిపేసి, కొత్త అట్టలు వేసుకున్నాను. ఇది ఇవాళ చెప్పకపోతే మళ్ళీ చెప్పే అవకాశం రాదు. (నవ్వులు) శాంతికుమారీ, అప్పుడు నా విద్యార్థినివి, ఇప్పుడు నా పక్క బల్ల లెక్చరరువి, నువ్వు నవ్వకు. నీకు ఎనభై తొమ్మిదిలో చెప్పిన పాఠం, మొన్న మీ అబ్బాయికి చెప్పిన పాఠం ఒక్కటే.

ఏడో నియమం మీ అందరికీ నోటికి వచ్చు. గంట కొట్టిన ఐదు నిమిషాలకి తలుపు వేయాలి. అధ్యాపకులు వచ్చినా రాకపోయినా తలుపు వేసే బాధ్యత క్లాసు లీడరుది. ఆ తర్వాత ఎవరికైనా సరే తీయకూడదు. 'ఎవరికైనా సరే' అన్న మాట మొదటి ప్రతిలో లేదు. వాక్యానికి బరువు తక్కువైనట్టు అనిపించి నేనే చేర్చాను.

పదకొండో నియమం హాజరు పట్టీ గురించి. నెల మొత్తాలు వేశాక పట్టీలో ఏ గుర్తూ మార్చకూడదు. మార్చక తప్పకపోతే ఎర్రసిరాతో మార్చి, కారణం రాసి, క్లాసు చూసే అధ్యాపకులు సంతకం పెట్టాలి, పక్కన ప్రిన్సిపాల్ సంతకం ఉండాలి. మార్పులు పది దాటితే పైవాళ్ళకి సంజాయిషీ రాయాలి, అది తేలేదాకా ఆ అధ్యాపకుడికి 'బాకీలు లేవు' అన్న కాగితం ఇవ్వకూడదు. ఇంత పకడ్బందీగా రాసినందుకు ఆ రోజు స్టాఫ్ రూములో అందరూ నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారని ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక అసలు సంగతి. జనవరి ఇరవై నాలుగు, బుధవారం. ముందురోజు చోడవరంలో మా ఆడపడుచు మనవడి బారసాలకి వెళ్ళి రాత్రికి అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే అటువైపు నుంచి వచ్చే దేవరాపల్లి బస్సు ఎక్కాను. బస్సు ఆలస్యం కాలేదు. తొమ్మిదీ నలభైకి రావలసినది తొమ్మిదీ నలభైకే అనకాపల్లి బస్ కాంప్లెక్సులో ఆగింది. మన మొదటి గంట మాత్రం తొమ్మిదిన్నరకి. ఈ రెండు అంకెలూ నేను అంతకుముందు ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. నలభై ఏళ్ళుగా కూడికలు చేస్తున్నదాన్ని, ఒక్క తీసివేత చేయలేదు.

ఆటో చేసుకుని తొమ్మిదీ నలభై ఎనిమిదికి గది దగ్గరికి వచ్చాను. తలుపు వేసి ఉంది. తట్టాను. లోపలినుంచి లీడరు పొట్టిబాబు గొంతు.

"ఎవరండీ?"

"నేనే. తలుపు తియ్యి."

లోపల బెంచీలు కిర్రుమన్నాయి. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు. "రూలు కదండీ మేడమ్. ఎవరికైనా సరే అని మీరే రాసేరు. తలుపుకి అంటించింది మీరే చూడండి, మీ ముందే ఉంది."

నిజమే, నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది, కింద నా సంతకంతో. (నవ్వులు) పొట్టిబాబూ, లేచి నిలబడకు, కూర్చో. నిన్ను తిట్టబోవడం లేదు. ఆ రోజు నువ్వు తలుపు తీసి ఉంటే నేను ఇవాళ మిగతావాళ్ళలాగే చల్లగా పొగడ్తలు విని వెళ్ళిపోయేదాన్ని.

ఏం చేయాలో తోచక వరండా చివరికి నడిచాను. గది పక్కన మలుపు తిరిగితే రోడ్డువైపు వరండా ఉంది కదా, అక్కడ కిటికీల కింద నలుగురు నేల మీద కూర్చుని ఉన్నారు. ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. నేను వచ్చిన బస్సులోనే వెనక నిలబడి, నన్ను చూడకుండా వచ్చినవాళ్ళే. నేను ఆటో బేరమాడుతుంటే వాళ్ళు పరిగెత్తుకుని నాకంటే ముందే వచ్చేశారు. తలలు కిటికీకి అందకుండా వంచి, మోకాళ్ళ మీద పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నారు. తల కనపడితే నేను తరిమేస్తానని. ఏడాది పొడుగునా మొదటి గంట నేనే చెప్పే రోజుల్లో వాళ్ళు ఆ కిటికీల కింద కూర్చుని పాఠం రాసుకుని, గంట కొట్టేముందు మలుపు తిరిగి వెళ్ళిపోతున్నారు. లోపల నేను తల ఎత్తకుండా వాళ్ళ నంబర్లు పిలిచి, పలకలేదని ఆబ్సెంటు వేస్తున్నాను.

నన్ను చూసి నలుగురూ లేచారు. మగపిల్లలు పారిపోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ అమ్మాయి, నూకరత్నం, నా చేతిలో పుస్తకాల సంచి అందుకుని పక్కకి జరిగింది.

"మూడో కిటికీ కాడ నిలబడండి మేడమ్. అక్కడైతే పాటం బాగా వినపడతాది."

పక్కనున్న కుర్రాడు ఆమెని మోచేత్తో పొడిచాడు. "ఒలే, మేడమే ఇక్కడుంటే లోపల్నించి ఏటి వినపడతాది?" (నవ్వులు)

నవ్వండి. నేనూ నవ్వాను, రెండు రోజుల తర్వాత. ఆ పూట మాత్రం ఆ మూడో కిటికీ దగ్గరే నిలబడి, ఊచల్లోంచి లోపలికి పాఠం చెప్పాను. తరుగుదల పాఠం. లోపల వెనక బెంచీల వాళ్ళు "వినపట్టం లేదు మేడమ్" అని గొడవ. బయట నలుగురికీ మాత్రం ఏడాదిలో మొదటిసారి నా ముఖం కనపడుతూ పాఠం వినపడింది. మధ్యలో రోడ్డు మీద బెల్లం లారీ వెళ్ళింది. నేను ఆగాను. నూకరత్నం పుస్తకంలో ఏదో ఒక్క మాట రాసింది. ఏమిటా అని వంగి చూశాను. 'లారీ' అని రాసుకుంది.

పుస్తకం అడిగాను. "గీతలు సరిగ్గా రాలేదు మేడమ్" అని వెనక్కి దాచుకుంది. క్లాసయ్యాక ఇచ్చింది. ఇంటికి తీసుకెళ్ళాను. ప్రతి పాఠానికీ పైన తేదీ ఉంది. మధ్యమధ్య వినపడనిచోట ఖాళీలు వదిలి, ఆ ఖాళీల్లో 'లారీ' అని ఉంది. ఒకచోట 'రెండు లారీలు'. అక్టోబరు తొమ్మిదిన వాయిదా పద్ధతి అమ్మకాల దగ్గర 'మేడమ్ దగ్గు'. (నవ్వులు) నా హాజరు పట్టీ పక్కన పెట్టుకుని, రూళ్ళకర్ర ఆనించి, తేదీకి తేదీ చూసుకున్నాను. నూట ఇరవై క్లాసులు జరిగాయి. డెబ్బైకి వచ్చిందని నేను వేశాను, యాభైకి రాలేదని వేశాను. ఆ యాభైలో నలభై నాలుగు రోజుల పాఠాలు ఆ పుస్తకంలో ఉన్నాయి. మిగతా ఆరు రోజులు నిజంగానే రాలేదు. అవి అలాగే ఉంచాను, ఉంచుతాను కూడా. మగపిల్లలు ముగ్గురికీ ఈ ఇబ్బంది లేదు. వాళ్ళు వారానికి రెండు రోజులు చోడవరంలో బెల్లం లారీ ఎక్కి తొమ్మిదికల్లా దిగిపోతారు, పరీక్షకి కావలసిన డెబ్బై ఐదు శాతం దాటేశారు. ఆడపిల్ల లారీ ఎక్కలేదు కదా.

కామర్సు చెప్పే మనిషిని. రుజువుకి ఓచరు లేకుండా పద్దు రాయకూడదని మీకు రోజూ చెప్పాను. ఆ పిల్ల రాలేదని నేను రాసిన నలభై నాలుగు పద్దులకి నా దగ్గర ఓచరు లేదు. వచ్చిందనడానికి ఆమె దగ్గర ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది చెప్పడం కష్టంగానే ఉంది. కిందటి ఆగస్టులో నూకరత్నం ఒకసారి స్టాఫ్ రూముకి వచ్చి, బస్సు తొమ్మిదీ నలభైకి గానీ రాదు మేడమ్ అని చెప్పిందట. 'ఆ బస్సు నాకేమైనా చుట్టమా' అన్నానట. నాకు జ్ఞాపకం లేదు. శాంతికుమారి జ్ఞాపకం చేసింది.

ఆ బుధవారం మర్నాటి నుంచి నా క్లాసు తలుపు వేయించలేదు. ఇవాళ తలుపు తీసినంత మాత్రాన గడిచిన నలభై నాలుగు రోజులూ లోపలికి రావు. నలభై నాలుగు మార్పులు ఎర్రసిరాతో చేసి, సంతకాలు పెట్టి హాజరు చూసే కమిటీకి ఇచ్చాను. కమిటీ ఈ నెల పన్నెండో తారీకున కూర్చుంది. శాంతికుమారి నేను రాసిన పదకొండో నియమాన్ని నాకే చదివి వినిపించింది. బాగా చదివింది, నేను నేర్పిన ఉచ్చారణే. ఒకటో రెండో మార్పులైతే చూడొచ్చు మేడమ్, నలభై నాలుగంటే యూనివర్సిటీ వాళ్ళు ఏమనుకుంటారు అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆలోచిద్దామన్నారు. పదిహేనో తారీకున జాబితా నోటీసు బోర్డు మీదికి వచ్చింది. పదహారు నుంచి నూకరత్నం కాలేజీకి రాలేదు.

మొన్న ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మావారు తోడు వచ్చారు. నూకరత్నం గానుగ దగ్గర పనికి వెళ్ళింది, చెరకు ఆడుతున్నారు. వాళ్ళమ్మ అప్పలనర్సమ్మ గారు ఇంటి దగ్గర ఉన్నారు. నేనెవరో చెప్పాను. కూర్చోమని నులకమంచం వాల్చారు, మంచినీళ్ళిచ్చారు. తర్వాత ఎదురుగా నేల మీద కూర్చుని, కోపం లేకుండానే అడిగారు.

"తలుపేసేది మీరేనా అమ్మా?"

నేనే అన్నాను.

"సీకటితో లేచి సద్దన్నం కట్టుకుని ఎల్లేది. కాలేజీకెల్తందనే అనుకున్నాను. బైట కూకుంటందని నాకు తెల్దు. ఎలాగుందే క్లాసు అంటే, బాగుందే అమ్మా అనీసేది." కొంగుతో మంచం కోడు తుడుస్తూ ఇంకోమాట అన్నారు. "అంత సదూకున్నోరు, గోడకవతల పిల్లుందని మీకు కనపళ్ళేదా అమ్మా?"

నన్ను ఈ మాట అడిగే హక్కున్న మనిషి అంతవరకు ఎవరూ ఎదురుపడలేదు. మావారు ఏదో సర్దిచెప్పబోతే ఆగమన్నాను.

పిల్లని పరీక్షకి పంపండి, పేరు తీయిస్తాను అన్నాను. అప్పలనర్సమ్మ గారు తల అడ్డంగా ఊపారు. "మాటకి పంపనమ్మా. మాటలు శానా అయిపోయాయి. సంతకమైన కాయితం సూపించండి, పంపుతాను. నెలాకర్లోగా రాపోతే మా అన్నకి మాటిచ్చీసేను, పిల్లని ఆల ఊరు పంపించేత్తాను, అక్కడ బట్టల కొట్లో నిలబడతాది." అంతే అన్నారు. ఇవాళ ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. నెలాఖరు ఇవాళే. నా ఉద్యోగానికీ, ఆవిడ గడువుకీ.

(గడియారం చూసుకుంటారు) మూడూ ముప్పై నాలుగు.

ప్రిన్సిపాల్ గారూ, మీ ముందు పళ్ళెంలో శాలువా ఉంది. దాన్ని కొంచెం పైకెత్తితే కింద ఫైలు కనపడుతుంది. నేనే పెట్టించాను. (నవ్వులు) మీరు శాలువా కప్పాక పెట్టొచ్చులే అనుకుంటే వీల్లేదు. మైకు నా చేతిలో ఉంది. ఈ మైకుకి మన కాలేజీలో ఐదు నిమిషాల నియమం లేదు, పద్నాలుగు పేజీల్లో అదొక్కటి రాయడం మర్చిపోయాను.

(ప్రిన్సిపాల్ గారు ఫైలు తీసి చదువుతారు. "కారణం దగ్గర ఇలా రాశారేంటి మేడమ్?" అని అడుగుతారు.)

అందరికీ వినపడేలా నేనే చదువుతాను. 'విద్యార్థిని ఈ నలభై నాలుగు రోజులూ హాజరైనది. హాజరు పట్టీలో పొరపాటు విద్యార్థినిది కాదు, క్లాసు చూసే అధ్యాపకురాలిది.' కింద నా సంతకం, ఇంటి చిరునామా. యూనివర్సిటీ వాళ్ళు అడిగితే నన్ను అడగమనండి. రేపటి నుంచి ఇంట్లోనే ఉంటాను.

("ఇలా రాస్తే మీ పెన్షన్ కాగితాలు ఆగిపోతాయి మేడమ్. సంజాయిషీ తేలేదాకా నేను బాకీలు లేవని ఇవ్వలేను, మీ నియమమే" అంటారు ప్రిన్సిపాల్ గారు.)

ఆగనివ్వండి. నాకు ఆ కాగితం ఇవ్వకూడదు కూడా. బాకీ ఉంది కాబట్టే ఇక్కడ నిలబడ్డాను. మావారితో ఈ సంగతి చెబితే ఆయన సంతోషించారు. రిటైరై ఇంట్లో పొద్దస్తమానం హాజరు పిలుస్తుందేమోనని భయపడుతున్నారట, కొన్నాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగితే తనకి ఊపిరాడుతుందన్నారు. (నవ్వులు)

(రాజబాబు గారు మైకు లేకుండానే అంటారు: "పెట్టీండి మూర్తిగారూ. ఆ పిల్ల పుస్తకంలో రాసిన లారీల్లో సగం మావే. ఎవరైనా అడిగితే నేనూ వచ్చి సెప్తాను." నవ్వులు, చప్పట్లు.)

చప్పట్లు ఆపండి, ఆయన్ని పెట్టనివ్వండి. ప్రతి మార్పు పక్కనా పెట్టాలండీ, నలభై నాలుగూ. చివర ఒక్కటి పెడితే చెల్లదు. తొందరలేదు, నేను నిలబడతాను.

(ప్రిన్సిపాల్ గారు సంతకాలు చేస్తారు.)

నలభై మూడే అయ్యాయి. సెప్టెంబరు పద్దెనిమిది వదిలేశారు. ఆఁ, అది. ఇప్పుడు జాబితాలో పేరు కొట్టేసి, అక్కడ కూడా. రెండో ప్రతి మీద మరోటి. ఆ రెండోది యూనివర్సిటీకి కాదు.

సన్యాసిరావూ, ఈ కవరు తీసుకో. జారవిడవకు. నువ్వు ఇరవై రెండేళ్ళలో ఏ కాగితమూ పోగొట్టలేదు, ఇదేదో నీమీద అనుమానంతో అన్నది కాదు, నా అలవాటు.

మూర్తిగారూ, మీరు భయపడుతూనే పెట్టారు. అందుకే ఆ సంతకానికి విలువ. మీకు నా కృతజ్ఞతలు. రాజబాబు గారికి కృతజ్ఞతలు. నా నియమాన్ని నాకే చదివిన శాంతికుమారికి కృతజ్ఞతలు. రేపటి నుంచి ఈ క్లాసు నువ్వే చూస్తావు, ఆ పద్నాలుగు పేజీలూ నీ చేతికొస్తాయి. ఏది ఉంచుతావో ఏది కొట్టేస్తావో నాకు చెప్పనక్కర్లేదు. హాజరు పిలిచేటప్పుడు తల ఎత్తు, చాలు. నాకు తలుపు తీయని పొట్టిబాబుకి కృతజ్ఞతలు. మావారికి ఇంటి దగ్గర చెబుతాను.

శాలువా తర్వాత ఎవరిచేతనైనా మా ఇంటికి పంపండి. నాకోసం తెచ్చిన పకోడీలు పొట్లం కట్టించమని ఇందాకే చెప్పాను. నాలుగూ పదికి దేవరాపల్లి వైపు బస్సుంది, అది తప్పితే ఆరున్నర దాకా లేదు. ఈ రెండో ప్రతి అప్పలనర్సమ్మ గారి చేతికి ఇవ్వాలి. పంపుతారో పంపరో ఆవిడ ఇష్టం, నేను బతిమాలుకుంటాను. ముప్పై మూడేళ్ళలో ఎవర్నీ బతిమాలలేదు, ఎలా వస్తుందో చూడాలి.

నేను దిగి వెళ్ళాక మీరు మిగతా ఉపన్యాసాలు కానివ్వండి. సెలవు.